గండికోట ఎండ, మునిగిన వీధి

బొమ్మలు నేర్పే కాలేజీలో చదువుకుంటున్న ఒక అమ్మాయి మొన్నామధ్య జమ్మలమడుగులో మా ఇంటికి వచ్చింది. కాఫీ తాగింది, గోడల మీదున్న పటాలన్నీ ఒకటికి రెండుసార్లు చూసింది, చివరికి మొహమాటపడుతూ అసలు మాట అడిగింది.

"సార్, దేవుళ్ళను గీయలేదు, సినిమావాళ్ళను గీయలేదు. కొండలు, గొర్లు, మన ఊళ్ళ జనం. ఇవే గీసుకుంటా ఇన్నేళ్ళు ఎట్ల బతికినారు?"

"బాగానే బతికినానమ్మా" అన్నాను. నిజమే చెప్పాను గానీ ఆ జవాబు ఆమెకు చాలలేదు. వెళ్ళేటప్పుడు ముఖం చూస్తే తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను. ఏ ప్రదర్శనలో ఏ బొమ్మ పెట్టారో, ఎవరు శాలువా కప్పారో రాయను. అవి చదివితే ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఒరిగేదేమీ లేదు. పని ఎట్లా ఉంటుందో, ఎక్కడ కాలు జారుతుందో, ఎవరి మాట వల్ల నిలబడ్డానో అంతవరకే చెప్తాను.

ఉస్తాద్ అంగడి

ముద్దనూరు దగ్గర పల్లెలో గొర్లు కాసే ఇంట్లో పుట్టాను. బండల మీద బొగ్గుతో గొర్లను గీస్తూ అసలు గొర్లను చేనులోకి వదిలేసే రకం. మా మేనమామ అది చూసి, వీడు మందకు పనికిరాడని, ప్రొద్దుటూరు తీసుకుపోయి మస్తాన్ ఉస్తాద్ దగ్గర వదిలిపెట్టాడు. ఉస్తాద్‌ది బోర్డులు రాసే అంగడి. బంగారు అంగళ్ళు, ఎరువుల అంగళ్ళు, బట్టల అంగళ్ళు, ఊళ్ళో సగం బోర్డులు ఆయన చేతివే.

బొమ్మలు గీయొచ్చని ఎగురుకుంటూ పోయాను. ఆయన నా చేతికి బ్రష్షు ఇచ్చి అక్షరాలు దిద్దమన్నాడు. నెలల తరబడి అక్షరాలే. ఒకరోజు ఆగలేక అడిగాను.

"ఉస్తాద్, బొమ్మ ఎప్పుడు గీయల్ల?"

"'అ' తిన్నగా తిప్పలేనోడివి, ఆవును ఏం గీస్తావురా?" అన్నాడు.

అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు చెప్తున్నాను, మన తెలుగు అక్షరాల వంపులు తిప్పితిప్పి చెయ్యి సాగిన తర్వాత గొర్రె వీపు గీయడం నాకు కష్టమనిపించలేదు. రేకు మీద ఎనామిల్ పెయింటు జారకుండా ఒక్క ఊపులో 'ఱ' తిప్పగలిగినవాడికి కొండ వాలు గీయడానికి చెయ్యి వణకదు.

ఇంకొక అలవాటు కూడా ఆయన నుంచే వచ్చింది. బోర్డు అయిపోగానే రోడ్డు దాటించి అవతల నిలబెట్టేవాడు. "దగ్గర నిలబడి చూసేది నువ్వు ఒక్కడివే. ఊరు చూసేది ఈడ నుంచి" అనేవాడు. నా ఆఖరి బొమ్మ వరకూ నేను వెనక్కి నడిచి చూడకుండా ఏదీ ఒప్పజెప్పలేదు.

ఆయన గొప్ప పనివాడు. మంచి యజమాని అని మాత్రం అనలేను. వచ్చినవాళ్ళ ముందే తిట్టేవాడు. మేము రాసిన దాని మీద చెప్పాపెట్టకుండా మళ్ళీ తాను రాసేవాడు. ఎందుకు తప్పో చెప్పేవాడు కాదు. ఆయన దగ్గర నుంచి మధ్యలో వెళ్ళిపోయిన వాళ్ళలో నాకంటే మంచి చెయ్యి ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. మీరు రేపు ఎవరికైనా పని నేర్పితే, తప్పును ఆ పిల్లల చేతనే దిద్దించండి. అట్లయితే వాళ్ళు వదిలి పోరు.

జర్మనీ మబ్బులు

మా అంగడి పక్కన ఒక ప్రింటింగు ప్రెస్సు ఉండేది. దానికి జర్మనీ మిషను ఒకటి వచ్చింది. మిషను అమ్మినవాళ్ళు ఏటా ఒక క్యాలెండరు పంపేవాళ్ళు. అందులో నెలకొక బొమ్మ, అన్నీ ఆ దేశపు పాతకాలం చిత్రకారుడు ఒకాయనవే. ఏడాది అయిపోగానే ప్రెస్సు ఆయన దాన్ని నాకు ఇచ్చేసేవాడు. నా చాప పైన గోడంతా అవే.

ఆవులు లోతులేని వాగు దాటుతుంటాయి. ఆడవాళ్ళు గడ్డి ఆరేస్తుంటారు. ఒక ముసలాయన కిటికీ దగ్గరికి జరిగి, వెలుగుకు ఎదురుగా పట్టి సూదిలో దారం ఎక్కిస్తుంటాడు. రాజు లేడు, దేవత లేదు, యుద్ధం లేదు. ఇట్లాంటివి కూడా బొమ్మలవుతాయని నాకు అప్పుడే తెలిసింది.

క్యాలెండరు వెనక ఆయన గురించి ఇంగ్లీషులో నాలుగు ముక్కలుండేవి. ప్రెస్సు ఆయన చదివి చెప్పాడు. పిండిమర నడిపేవాడి కొడుకు. చిన్నప్పుడు గోడలకు రంగులేసే పనిలో పెట్టారు. పెద్దయ్యాక ప్రతి ఎండాకాలం రంగుల పెట్టె భుజాన వేసుకుని కొండపల్లెలకు నడిచిపోయేవాడు. రైతుల ఇళ్ళలో పడుకుని, పొద్దంతా వాళ్ళు పని చేస్తుంటే గీసుకునేవాడు. చలికాలం పట్నంలో కూర్చుని ఆ బొమ్మలు పూర్తి చేసేవాడు. పెద్ద పేరు రాలేదు. తాను గీసిన లోయలోనే నిండుగా బతికి పోయాడు.

వింటుంటే నా బతుకు ఎవరో ముందే రాసిపెట్టినట్టు అనిపించింది. ఉస్తాద్‌ను అడిగాను, నేను కూడా ఇట్లాంటివి గీయొచ్చా అని.

"గీయొచ్చు. కొనేవాళ్ళు యాడుండారో అది నువ్వు ఎతుక్కోవల్ల" అన్నాడు.

దొరికారు. జమ్మలమడుగులో కొత్తగా లాడ్జి కట్టిన రాజయ్య, లోపలికి రాగానే కనపడేటట్టు గండికోట లోయ బొమ్మ కావాలన్నాడు. నేను ప్రొద్దుటూరులోనే కూర్చుని, క్యాలెండర్లు ముందు పెట్టుకుని గీశాను. గుట్టల మీద నీలంగా మంచు. పైన తడిసిన దూది మాదిరి మబ్బులు. పెన్నా ఒడ్డు పొడుగునా లేతపచ్చ గడ్డి. గీసి నాకు నేనే మురిసిపోయాను.

రాజయ్య చూసి శానా సంతోషపడ్డాడు. "బలే ఉందప్పా. ఇది ఊటీనా, కొడైకెనాలా?" అని అడిగాడు. ఎగతాళికి అడగలేదు, నిజంగానే అడిగాడు.

ఉస్తాద్ కూడా వచ్చి చూశాడు. గీత గురించి, రంగు గురించి ఒక్క మాట అనలేదు. "ఈ ఆకాశం ఎవరిది?" అన్నాడు. "పోయి మన ఆకాశం తెచ్చుకో పో."

పోయాను. అప్పట్లో గండికోటకు ఇప్పటి మాదిరి జనం వచ్చేవాళ్ళు కాదు. లోయ అంచున, బండ నీడలో, మంచి ఎండాకాలం కూర్చున్నాను. మొదట ఏమీ కనపడలేదు, కళ్ళు చికిలించుకోవడమే సరిపోయింది. రోజూ పోతుంటే మెల్లగా కనపడడం మొదలయింది. మిట్టమధ్యాహ్నం మన ఆకాశంలో నీలం ఉండదు, ఉతికి ఉతికి వెలిసిన పంచె రంగు. ఎర్రరాయి ఆ ఎండకు ఎరుపు పోగొట్టుకుని బూడిదలో పొర్లినట్టవుతుంది. పొద్దు వాలేటప్పుడు ఆ ఎరుపంతా తిరిగి వస్తుంది, రాయి లోపల పొయ్యి రాజేసినట్టు. పచ్చ అనేది తుమ్మచెట్ల మీద దుమ్ము కింద ఎక్కడో ఉంటుంది, వెతుక్కోవాలి.

ఆ జర్మనీ ఆయన కూడా చేసింది ఇదే గదా అని అప్పుడు అర్థమయింది. తన లోయకు పోయి కూర్చుని అక్కడ ఏముందో అది గీశాడు. నేను ఆయన దగ్గర తీసుకోవలసింది ఆ కూర్చోవడం. మబ్బులు ఆయనవి.

కొత్తగా గీసిన లోయ బొమ్మ తీసుకుని రాజయ్య దగ్గరికి పోయి, పాతది తీసేసి ఇది పెట్టుకొమ్మన్నాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. "వద్దులేప్పా. ఇది చూస్తే ఎండ కొడతాంది. వచ్చినోళ్ళందరికీ ఊటీనే నచ్చింది" అన్నాడు. ఆ తప్పుడు గండికోట ఆ గోడ మీద ఏళ్ళ తరబడి ఉండింది, నేను ఆ వీధిన పోయినప్పుడల్లా నవ్వుకునేవాణ్ణి. జనానికి నచ్చడం, బొమ్మ నిజం కావడం ఒకేసారి జరగకపోతే దిగులు పడొద్దు. పని మానొద్దు కూడా.

చీనీతోట

పేరు కొంచెం బయటికి వచ్చాక పులివెందుల నుంచి శివన్న అనే రైతు పిలిపించాడు. చుట్టుపక్కల మాట చెల్లే కుటుంబం. ఒకప్పుడు ఆయన చీనీతోట, అదే బత్తాయి తోట, చూడడానికి వేముల నుంచి కూడా రైతులు వచ్చేవాళ్ళట. బోర్లలో నీళ్ళు పోయి తోట ఎండిపోయింది, చెట్లు కొట్టేశారు. నేను పోయేసరికి అక్కడ ఉన్నది మొద్దులు, బీడు.

"కాపు మీద ఉన్నప్పుడు ఎట్లుండెనో అట్ల గీయల్లప్పా. హాల్లో పెట్టుకుంటా" అన్నాడు శివన్న.

చూసింది మాత్రమే గీయాలన్నది అప్పటికి నాలో గట్టిపడిపోయి ఉంది. లేని తోటను ఎట్లా గీసేది? నసుగుతుంటే ఆయన భార్య ఓబుళమ్మ లోపలి నుంచి వచ్చింది.

"గీయనీ గానీ, ఉత్త చెట్లు గీయించుకుంటే నేను ఇంట్లో పెట్టనీయను. మనుషుల్లేని తోట అమ్మకానికి పెట్టినట్టుంటాది. కోతకొచ్చే ఆడోళ్ళు యాడ?"

"ఆళ్ళ పేర్లు ఇప్పుడు ఎవరికి గుర్తుండాయి?" అన్నాడాయన.

"నాకుండాయి" అందామె. చెప్పడం మొదలుపెట్టింది. ఎవరు చెట్టెక్కేది, ఎవరు కింద కొంగు పట్టేది, ఎవరిది పని తక్కువ పాట ఎక్కువ. శివన్న మధ్యలో అందుకున్నాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు దిద్దుకుంటూ, నేనున్న సంగతే మరిచిపోయి, నవ్వడం మొదలుపెట్టారు. నేను పెన్సిలు తీశాను.

ఎండిన తోట ముందు కూర్చుని పచ్చటి తోట గీశాను. అబద్ధం గీసినట్టు అనిపించలేదు. అది లేదని వాళ్ళకు తెలుసు, నాకు తెలుసు. ఉన్నప్పుడు ఎట్లా ఉండిందో చెప్పడానికి ఇద్దరు మనుషులు పక్కన ఉన్నారు. అట్లాంటప్పుడు చిత్రకారుడి చెవి కంటితో సమానంగా పని చేయాలి. ఆ తర్వాత మనుషుల్లేకుండా నేను ఏ పొలాన్నీ గీయలేదు.

సందులో బర్రె

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని చివరికి వచ్చింది. గండికోట రిజర్వాయరులో నీళ్ళు నిలపడం మొదలయి, పెన్నా ఒడ్డు ఊళ్ళు ఒక్కొక్కటీ ఖాళీ అవుతున్న కాలం. అట్లాంటి ఒక ఊరి నుంచి సుబ్బరాయుడు అనే ఆయన వచ్చాడు. ఊళ్ళో నలుగురూ మాట వినే మనిషి.

"అన్నా, మా వీధిని గీయల్ల. కొత్త కాలనీలో హాలు కట్టినారు, దాని గోడ మీద."

"ఫోటోలు తీసుకున్నారు గదా?" అన్నాను.

"తీసుకున్నాం. అందరి ఫోన్లలో ఉండాయి. ఎవరి ఫోను చూసినా వాళ్ళ ఇల్లు ఒక్కటే కనపడతాది. మాకు వీధి కావల్ల. పొద్దున పాలు పితికే యాళకు ఎట్లుంటాదో అట్ల."

ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాసేవాళ్ళ పని ఎప్పుడో పోయింది. నాకు భుజం నొప్పి. గోడ పని ఇక చేయకూడదని అంతకుముందే అనుకుని ఉన్నాను. అయినా మరుసటి రోజే మడత స్టూలు పట్టుకుని ఆ ఊరికి పోయాను.

వీధి సగం విప్పేసి ఉంది. జనం తలుపులు, దూలాలు, నాపరాళ్ళు ఊడదీసి ట్రాక్టర్లకు ఎత్తుకుంటున్నారు. దుమ్ములో కూర్చుని మిగిలిన దాన్ని చూసి గీసేవాణ్ణి, పోయిన దాన్ని అడిగి గీసేవాణ్ణి. దూలం మోసేవాళ్ళు కూడా దాన్ని కిందపెట్టి వచ్చి, "మా అరుగు ఇంకా ఇంత ముందుకుండె", "యాపచెట్టు ఆ పక్క గాదన్నా, ఈ పక్క" అని చెప్పి మళ్ళీ ఎత్తుకుని పోయేవాళ్ళు.

వీధి చివర ఒక్క ఇల్లు మాత్రం చెక్కుచెదరలేదు. వెంకటసుబ్బమ్మ అనే పెద్దామె గడపలో కూర్చుని ఉంది, పక్కన గుంజకు బర్రె. కొడుకూ కోడలూ కాలనీకి సామాను తరలిస్తుంటే ఆమె ఒక చెంబు కూడా కదలనిచ్చేది కాదు.

"అమ్మా, అట్లే కూర్చోండి, మిమ్మల్ని గీస్తా" అన్నాను.

"నన్ను గీయొద్దు. పోయినోళ్ళను గీసి పటం కట్టుకుంటారు. నేను యాడికీ పోలే."

వద్దన్న మనిషిని దొంగచాటుగా గీయకూడదు. ఇది మీరు కూడా పట్టుకోండి. ఆమెను వదిలేసి బర్రెను గీసుకున్నాను. నెమరేస్తూ అడ్డంగా నిలబడింది, కదలకుండా. మిగిలినవాళ్ళు తమ పశువులను ముందే తోలేసుకున్నారు, అందుకని నాకు ఆ వీధిలో దొరికిన బర్రె అదొక్కటే.

నీళ్ళు చేలల్లోకి వచ్చాక ఆమె కూడా పోక తప్పలేదు. కాలనీలో కొట్టానికి చోటు లేదని బర్రెను ముద్దనూరు వాళ్ళెవరికో ఇచ్చేశారని తర్వాత విన్నాను.

హాలు బయటి గోడ మీద పని మొదలుపెట్టాను. పైన టార్పాలిన్ కట్టారు. జనం కుర్చీలు తెచ్చుకుని కూర్చుని చూసేవాళ్ళు, ఎవరి ఇంటి వంతు వస్తే వాళ్ళు దగ్గరికి జరిగేవాళ్ళు. సగం వీధి దాకా సాఫీగా సాగింది. చెన్నయ్య, ఓబయ్య ఇళ్ళ దగ్గర ఆగిపోయింది.

వాళ్ళిద్దరూ దాయాదులు. రెండిళ్ళ మధ్య సందు ఉండేది. అది నాదంటే నాదని ఏళ్ళ తరబడి మాటలు లేవు. నేను పెన్సిలుతో సందు గీయగానే చెన్నయ్య లేచాడు.

"గీత జరుపప్పా. సందు మా జాగాలోది."

"ఏంది జరిపేది? రెండు మూరలు మాది. కావల్లంటే కొలుచుకో" అన్నాడు ఓబయ్య, అతనితో కాదు, నాతో.

"యాడ కొలిచేది? నీళ్ళలో దిగి కొలుస్తాడంటనా?" అన్నాడు చెన్నయ్య, అదీ నాతోనే.

వెనక ఎవరో నవ్వారు. వీళ్ళిద్దరూ నవ్వలేదు. మరుసటి రోజుకు ఇద్దరి పక్కనా మనుషులు చేరారు. సుబ్బరాయుడు నన్ను పక్కకు తీసుకుపోయాడు. "అన్నా, గోడ మీద గీత యాడ పడితే అదే సాక్ష్యం అంటాండారు. కొట్లాట అయ్యేటట్టుంది. ఆపేద్దామా?"

ఆపేస్తే ఆ ఊరు గోడ మీద కూడా సగమే ఉండిపోతుంది. ఇంటికి వచ్చి ఊళ్ళో గీసిన కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అందులో బర్రె కనపడింది.

పొద్దున్నే పోయి, ఎవరూ రాకముందే, ఆ సందు నోటికి అడ్డంగా బర్రెను పెట్టి గీసేశాను. ముట్టె ఒక గోడకు, తోక ఇంకో గోడకు. సందు ఎంత వెడల్పో, గోడ ఎక్కడ ముగిసిందో ఎవరికీ కనపడదు.

చెన్నయ్య వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. ఓబయ్య వచ్చి అడిగాడు.

"ఏందన్నా, సందే కనపడలే?"

"ఎనకాల ఉంది. బర్రె తప్పుకుంటే కనపడతాది" అన్నాను.

మొదట నవ్వింది ఓబయ్య. చెన్నయ్య మూతి బిగబట్టుకున్నాడు గానీ ఆగలేదు. "అది తప్పుకునే బర్రె గాదులే. ఎన్ని తూర్లు అదిలించినా" అన్నాడు. "వెంకటసుబ్బమ్మ బర్రె గదా అది?" అన్నాడు ఓబయ్య, ఈసారి అతని వైపు తిరిగి. అది ఒకసారి ఎవరి వాకిట్లో గడ్డివాము లాగిందో ఇద్దరూ చెప్పుకుంటూ నిలబడ్డారు. నేను రంగు కలుపుకున్నాను.

బర్రె సంగతి కాలనీ అంతా పాకింది. వచ్చినప్పటి నుంచి వెంకటసుబ్బమ్మ ఇల్లు దాటి బయటికి రాలేదు, హాలు వైపు ఒక్కసారి కూడా తొంగిచూడలేదు. ఆ మరుసటి రోజు పొద్దెక్కాక కోడలి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆమె గోడంతా చూడలేదు, నేరుగా సందు దగ్గరికి పోయి నిలబడింది.

"ఇది మా బర్రె."

"అవునమ్మా."

"ఒక్కటే వచ్చిందా ఈడికి?"

నేను నిచ్చెన దిగి దగ్గరికి వచ్చాను.

"అది ఒక్కటే యాడికీ పోదప్పా. నేను ఎనకాల లేకుంటే అడుగు తీసి అడుగు ఎయ్యదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "చూస్తాండావేమి? గీయి."

ఓబయ్య కుర్చీ తెచ్చాడు, చెన్నయ్య ఎక్కడినుంచో ఒక కట్టె తెచ్చి చేతికిచ్చాడు. ఆమె కుర్చీ వద్దని కట్టె పట్టుకుని కాసేపు నిలబడి చూపించింది, తర్వాత కూర్చుంది. నేను నిచ్చెన ఎక్కి మొదలుపెట్టాను. కూర్చుని ఊరుకోవడం ఆమెకు చేతకాలేదేమో, మాట్లాడడం మొదలుపెట్టింది. ఆ బర్రె తల్లి సంగతి. మొదట కట్టిన కొట్టం సంగతి. కాపురానికి వచ్చిన రోజు సంగతి. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె చుట్టూ కింద కూర్చున్నారు.

కోడలు నిచ్చెన దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "మా అత్త ఇన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్ళయిందో అన్నా. ఈడికొచ్చినాక నోరే తెరవలే."

అప్పటికే ముఖం అయిపోయింది. కట్టె పట్టుకున్న చెయ్యి అయిపోయింది, కోక అంచు కూడా అయిపోయింది. భుజం పీకుతోంది. వెంకటసుబ్బమ్మ ఇంకా పెండ్లిబండి పెన్నా ఇసుకలో కూరుకుపోయిన దగ్గరే ఉంది, దిగి తోసింది ఎవరో చెప్తోంది. నేను కుంచెను నీళ్ళలో కడిగి, రంగు అంటకుండా, గోడ మీద ఊరికే ఆడిస్తూ ఉండిపోయాను.